రుస్తాఖ్‌లో గట్టిమేళం

గురు, శుక్రవారాలు మాకు మస్కట్‌లో సెలవు. ఆ వారం సెలవుల్లో నేను చెయ్యదలచుకున్నవి రెండే పనులు. ఒకటి క్షవరం, రెండోది నిద్ర. ఆ రెండూ మానుకుని రుస్తాఖ్ ఎందుకు వెళ్లాల్సివచ్చిందో ముందే చెప్పేస్తాను. లేకపోతే అక్కడి కోట గురించి ఏదో రాస్తానని మీరు ఆశపడతారు. కోటని నేను టాక్సీ కిటికీలోంచి చూశాను. పెద్దదే.

ఇది తొంభైల మొదట్లో మాట. మాది కాకినాడ. నేను అల్ మవాలేలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్ని. మా పక్కింట్లో ఉండేది మా ప్రాజెక్టు మేనేజరు, స్కాట్లాండు మనిషి. ఆయన కొడుకు ఫెర్గస్ పాలపళ్లు ఊడకముందే మస్కట్ వచ్చాడు. మా శారద పెసరట్టు పెనం మీద వేస్తే చాలు, గోడ దూకి వచ్చి పీట మీద కూర్చునేవాడు. డ్రైవర్లతో తిరిగి హిందీ దంచేస్తాడు. స్కాట్లాండులో అతను ఉన్నదల్లా కొన్ని వేసవి సెలవులు, అవి కూడా వానకి బయటికి వెళ్లలేక ఇంట్లో పేకాడుతూ గడిపాడట.

ఇలాంటివాడు చదువుకోడానికి అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ ప్రతి ఏటా ఒక స్కాట్లాండు విద్యార్థికి ఫీజంతా కట్టే పెద్దాయన ఉన్నాడు. తన ముత్తాతలు స్కాట్లాండు నుంచి ఓడెక్కి వచ్చారని ఆయనకి మహా గర్వం. ఆ ఫీజుకి ఒకటే షరతు, బ్యాగ్‌పైపు వాయించడం వచ్చుండాలి. బ్యాగ్‌పైపంటే తోలుతిత్తిని చంకలో ఇరికించుకుని, ఒక గొట్టంతో దాన్ని ఊదుతూ, మోచేత్తో నొక్కుతూ వాయించే వాద్యం. ఫెర్గస్ జన్మలో దాన్ని ముట్టుకోలేదు. అయినా వచ్చని రాసేశాడు.

"స్కాట్లాండు వాడికి రాదంటే ఎవరు నమ్ముతారంకుల్?" అన్నాడు బుధవారం సాయంత్రం మా వంటింట్లో కూర్చుని.

మొదటి నెలల్లో జలుబన్నాడట, తర్వాత చిగుళ్ల వాపన్నాడట. పెద్దాయన ప్రతి ఆదివారం ఫోన్ చేసి ప్రాక్టీసు ఎలా సాగుతోందని అడిగేవాడట. చివరికి ఆయనే ఒక పాత బ్యాగ్‌పైపు కొని కానుకగా ఇచ్చి, జనవరి ఆఖర్లో తన ఎనభయ్యో పుట్టినరోజుకి వాయించమన్నాడు. క్రిస్మస్ సెలవులకి మస్కట్ వచ్చిన ఫెర్గస్ శనివారం తిరిగి విమానం ఎక్కాలి. వాయించలేకపోతే ఫీజు పోతుంది. మేనేజరు గారి కాంట్రాక్టు ఆ ఏడాదితో అయిపోతోంది, ఆయన కట్టలేడు. తండ్రికి ఈ సంగతి చెప్పే ధైర్యం లేక నా దగ్గరికి వచ్చాడు.

"నాకేం వచ్చురా బ్యాగ్‌పైపు? నేను కాకినాడ వాణ్ని" అన్నాను.

అప్పుడు శారద జ్ఞాపకం చేసింది. రుస్తాఖ్ సైట్లో పనిచేసే మేస్త్రీ మల్లయ్య, తాను గోడ కట్టిన ఇంట్లో ఒక పాత బ్యాండు మాస్టారు ఉన్నాడనీ, రోజూ సాయంత్రం తిత్తి ఊదుతాడనీ చెప్పాడు. ఒమాన్‌లో సైన్యం బ్యాండులకి బ్యాగ్‌పైపు కొత్త కాదు. జాతీయ దినోత్సవం నాడు టీవీలో వినలేక మేము శబ్దం తగ్గిస్తూ ఉంటాం.

"పాపం పిల్లాడండీ, తీసుకెళ్లండి. ఇక్కడుండి మాత్రం మీరేం ఉద్ధరిస్తారు?" అంది శారద. దాంతో క్షవరం వాయిదా పడింది. రాత్రికి రాత్రే రుస్తాఖ్ సైటుకి ఫోన్ చేసి మల్లయ్యకి కబురు పెట్టాను.

గురువారం పొద్దున్న ఏడున్నరకి క్లాక్ టవర్ రౌండెబౌట్ దగ్గర నిలబడ్డాం. రుస్తాఖ్ వెళ్లే నారింజ, తెలుపు టాక్సీలు అక్కడే దొరుకుతాయి. మనిషికి రియాలున్నర. అయిదుగురు నిండితేగానీ బండి కదలదు, నిండాక కూడా డ్రైవరు ఆరోవాడి కోసం కాసేపు చూస్తాడు. ముందు సీటు ఆశించకండి, అది డ్రైవరు బంధువుదే అవుతుంది.

మా బండి డిక్కీలో ఉల్లిపాయల బస్తాలున్నాయి. బ్యాగ్‌పైపు పెట్టె అందులో పట్టలేదు. వాద్యాన్ని పైకి తీసి ఇద్దరి ఒళ్లోనూ పడుకోబెట్టుకుని, ఖాళీ పెట్టెని పైన కట్టించాం. నా పక్కన చేతికర్ర పట్టుకున్న ఒక ఒమానీ తాత, ఆయన పక్కన బర్కాలో కొట్టు ఉన్న మలయాళీ. మొదటి స్పీడ్ బ్రేకరుకే నా మోచెయ్యి తిత్తికి తగిలింది. అది మూలిగింది.

తాత కాళ్లు పైకి లాక్కుని, "బక్రీ హై క్యా?" అన్నాడు.

మేక కాదు బాజా అని ఫెర్గస్ హిందీలో చెప్పాడు. తాత నమ్మలేదు. బర్కా దాకా ప్రతి గతుకుకీ అది మూలుగుతూనే ఉంది, తాత ప్రతిసారీ దాన్ని జాలిగా నిమురుతూనే ఉన్నాడు. దిగేటప్పుడు దానికి నీళ్లు పట్టమని చెప్పి మరీ వెళ్లాడు.

బర్కాలో ఆ మలయాళీ కొట్టులోనే టీ తాగాం. టీ చిక్కగా ఉంది, పరోటా నిన్నటిది. అక్కణ్ణుంచి దారి సముద్రాన్ని వదిలి కొండలవైపు తిరుగుతుంది. నఖల్ దాటాక ఖర్జూర తోటలు, వాటి వెనక గోధుమరంగు కొండలు, మళ్లీ తోటలు. చలికాలం కాబట్టి కిటికీ తీసుకుని కూర్చోవచ్చు. శారద కట్టిచ్చిన పులిహోర అవాబీ దగ్గర విప్పాం. డ్రైవరుకీ పెడితే, పోపులో మిరపకాయ తగిలి ఒక మలుపు ఒంటిచేత్తో తిప్పాడు. ఆ దారిలో డ్రైవర్లకి ఏమీ పెట్టకండి.

పదింటికి రుస్తాఖ్ చేరాం. మల్లయ్య రోడ్డు మీదే ఉన్నాడు. జగిత్యాల దగ్గర ఊరు అతనిది. వెంట అతని రూమ్‌వాళ్లు ముగ్గురు కూడా వచ్చారు.

"రాండ్రి సార్, జల్ది రాండ్రి. ముసలాయన పొద్దుగాల్ల సంది ఎదురు చూస్తుండు. ఈయనేనా సార్ మనం ఊదిపియ్యాల్సిన పోరడు?"

"ఊదించడం కాదు మల్లయ్యా, నేర్పించడం."

"గదే సార్. మా తాత పెండ్లిల్లల్ల తిత్తి ఊదేటోడు. నాకు ఎరుకలేదా? గది నా నెత్తుర్లనే ఉన్నది."

బ్యాండు మాస్టారి పేరు హమూద్. సన్నటి మనిషి, తెల్ల గడ్డం, మల్లయ్య తూకం గుండు వేసి కట్టిన గోడలా నిటారైన నడుము. ఇంటి వెనక ఖర్జూర తోటలో, పక్కన కాలవ పారుతుంటే చాప పరిచి మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఖర్జూరాలు, చేదు కాఫీ వచ్చాయి. చాలనుకుంటే ఖాళీ కప్పుని చేత్తో కాస్త ఆడించాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. ఇది నాకు తెలుసు. కానీ పెద్దవాళ్లు పోస్తుంటే వద్దనడం మా ఇంట్లో అలవాటు లేదు. మర్యాద కొద్దీ తాగుతూనే కూర్చున్నాను. ఆ గుండెదడ మధ్యాహ్నం దాకా తగ్గలేదు.

అసలు చిక్కు పాఠం మొదలయ్యాక వచ్చింది. హమూద్ గారు కుర్రతనంలో ఈ విద్య నేర్చుకున్నది ఒక స్కాట్లాండు సార్జెంటు దగ్గర. ఇంగ్లీషు కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. అందుచేత ఆయన ఇంగ్లీషు ఆ సార్జెంటు ఇంగ్లీషే, రకారాలు రాళ్లు దొర్లినట్టు దొర్లుతాయి. ఫెర్గస్ మస్కట్ బడిలో పెరిగినవాడు, తండ్రి మాటే సగం విననివాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"అంకుల్, ఈయన అరబ్బీలో మాట్లాడుతున్నాడా?"

"కాదురా, మీ భాషే."

మేనేజరు గారి చేత తొమ్మిదేళ్లుగా చీవాట్లు తింటున్నవాణ్ని కాబట్టి నాకు ప్రతి మాటా తెలిసింది. స్కాట్లాండు కుర్రాడికి ఒక ఒమానీ మాట్లాడే స్కాట్లాండు ఇంగ్లీషుని కాకినాడ వాడు పక్కన కూర్చుని అర్థం చెప్పాడు. ఈ పని నేను తప్ప ఇంకెవరూ చేసి ఉండరని ఇప్పటికీ అనుకుంటాను.

"ఊపిరి తీసుకునేటప్పుడు మోచెయ్యి నొక్కాలి, ఊదేటప్పుడు వదలాలి. శబ్దం ఎక్కడా తెగకూడదు, లాడీ" అన్నాడు హమూద్ గారు. లాడీ అంటే వాళ్ల మాటలో అబ్బాయీ అని.

ఫెర్గస్ ఊదేటప్పుడు నొక్కాడు, నొక్కాల్సినప్పుడు ఆలోచించాడు. తిత్తి ఒకసారి ఈలేసింది, ఒకసారి దగ్గింది, ఒకసారి చచ్చినట్టు ఊరుకుంది. తోట అవతల మేకలు మాత్రం ప్రతిదానికీ బదులిచ్చాయి. మల్లయ్య తాత నెత్తురు ఆగలేక తానూ ఒకసారి పుచ్చుకున్నాడు. బుగ్గలు ఉబ్బి, కళ్లు తిరిగి, కాలవ గట్టున పడుకున్నాడు. రూమ్‌వాళ్లు మొహం మీద నీళ్లు చల్లారు.

పొద్దుగూకేదాకా అదే తంతు. ఆ రాత్రి మల్లయ్య రూమ్‌లోనే బస. వాళ్లు కోడికూర, అన్నం వండారు, మసాలా దట్టంగా వేశారు. రూమ్‌లో అందరూ ఫెర్గస్‌ని ఊరడించారు. ఒకతను, "గంత చదువు చదివి గిదెందుకు సార్, రాదని చెప్పరాదు?" అన్నాడు. ఫెర్గస్‌కి ఈ మాట నేను తర్జుమా చెయ్యలేదు. పిల్లాడు అప్పటికే పళ్లెం ముందు తల దించుకుని కూర్చున్నాడు. నాకు నిజంగా దిగులేసింది. మేనేజరు గారికి ఏ మొహంతో చెప్పాలో తెలియలేదు.

శుక్రవారం పొద్దున్నే వేడినీటి ఊటలో స్నానం చేశాం. రుస్తాఖ్ వెళితే అది మాత్రం వదులుకోకండి, ఒళ్లునొప్పులకి మంచిది, డబ్బు అడగరు. ఎనిమిదిన్నరకల్లా మళ్లీ తోటలో ఉన్నాం. మల్లయ్య బృందం కూడా, వాళ్లకీ సెలవే కాబట్టి, టిఫిన్ డబ్బాలతో సహా దిగింది.

పది దాటినా నిన్నటి ఈలే, నిన్నటి దగ్గే. హమూద్ గారు లేచి నిలబడ్డాడు.

"నేను స్నానం చేసి నమాజుకి వెళ్లాలి. ఒక్క చివరిసారి. ఇది రాకపోతే ఇంటికి వెళ్లిపో లాడీ, నేను చెయ్యగలిగింది లేదు."

ఫెర్గస్ గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. అందరం ఊపిరి బిగబట్టాం. సరిగ్గా అప్పుడు మల్లయ్య తుమ్మాడు. ఒక్కటే తుమ్ము, తోటంతా మోగేలా.

నేను చదువుకున్నవాణ్ని, శకునాలు నమ్మను. కానీ నా చెయ్యి నన్ను అడగలేదు. చూపుడువేలు పైకెత్తి గాల్లో ఆడిస్తూ, "గట్టిమేళం! గట్టిమేళం!" అని గొంతు చించుకున్నాను. మల్లయ్య మనుషులు ఎందుకని అడగలేదు. ఒకడు టిఫిన్ మూత, ఒకడు పెయింటు డబ్బా, ఒకడు తగరపు పళ్లెం పుచ్చుకుని దడదడా మొదలెట్టారు. తుమ్మినవాడు కూడా చప్పట్లు కొట్టాడు.

ఫెర్గస్ అదిరిపడ్డాడు. ఆ అదురులో ఆలోచించడం మర్చిపోయి ఊదాడు, మోచెయ్యి దానంతటదే నొక్కింది, తిత్తి ఒక్కసారిగా గర్జించింది. చెట్ల మీద పిట్టలన్నీ లేచిపోయాయి. మేకలు నోరుమూశాయి. మేము డబ్బాలు ఆపినా వాడు ఆపలేదు. ఊపిరి తీసుకున్నాడు, శబ్దం తెగలేదు. మళ్లీ ఊదాడు, తెగలేదు. ఊదుతూనే నావైపు కళ్లు ఇంత చేసుకుని చూశాడు. నాకు ఎగిరి గంతేద్దామనిపించింది, మల్లయ్య గంతేశాడు కూడా.

హమూద్ గారికి మాత్రం ఏమీ అర్థం కాలేదు. "ఏమిటిది? ఏం చేశారు మీరు?" అన్నాడు.

నేను చెప్పాను. మా పెళ్లిళ్లలో తాళి కట్టే క్షణాన ఎవరి తుమ్మూ, ఎవరి చెడ్డమాటా చెవిన పడకూడదు. అందుకని ఎవరో ఒకరు వేలు ఆడిస్తారు, వెంటనే డోలూ సన్నాయీ రాగం, తాళం లేకుండా బలం కొద్దీ వాయించేస్తాయి. ఇంకే చప్పుడూ వినపడకుండా చెయ్యడమే దాని పని.

ఆయన గడ్డంలో నవ్వుకున్నాడు. "మా సార్జెంటు కూడా ఇలాగే చెప్పేవాడు. దీన్ని యుద్ధంలో వాయించింది సిపాయిల భయం సిపాయిలకి వినపడకుండా ఉండటానికట." ఫెర్గస్ వైపు తిరిగి, "పాట నేర్చుకోడానికి నీకు ఏళ్లు పడుతుంది. ఇదొక్కటీ నేర్చుకుని వెళ్లు. శుభ్రంగా మొదలుపెట్టడం, తెగకుండా నిలపడం, శుభ్రంగా ఆపడం" అన్నాడు. నమాజుకి వెళ్లేలోగా ఆ మూడూ వల్లె వేయించాడు. ప్రతిసారీ వేలు ఆడించే పని నాదే. చివరికి నా భుజం పట్టేసింది.

మధ్యాహ్నం ఆయన ఇంట్లోనే భోజనం, పెద్ద పళ్లెంలో అందరికీ కలిపి అన్నం, మాంసం. మల్లయ్య మమ్మల్ని టాక్సీ ఎక్కించాడు. "మనం ఊదిపిచ్చినం సార్, యాది పెట్టుకోండ్రి" అన్నాడు. తుమ్మినందుకు అతను ఒక్కసారి కూడా సిగ్గుపడలేదు.

తిరుగు దారిలో నేను మంచి హుషారు మీద ఉన్నాను. "ఇంకేం? కేకు కోసేటప్పుడు ఒక్కసారి గర్జించు. ముసలాయనకి చెవులు కూడా సరిగా వినపడవేమో. ఫీజు నీది, ఎవరికీ ఏమీ తెలియదు" అన్నాను. నఖల్ దాటింది, తోటలు అయిపోయాయి. బర్కా దగ్గరికొచ్చాక ఫెర్గస్ అన్నాడు.

"గట్టిమేళం తుమ్ము వినపడకూడదనే కదంకుల్? కానీ తుమ్మింది నేనే. ఎంతసేపని ఊదగలను?"

నాకు మతిపోయింది. "ఒరేయ్, ఫీజు పోతుందిరా" అన్నాను. "పోతే పోతుంది" అన్నాడు. బర్కాలో బండి ఆపించి, నేరుగా మలయాళీ కొట్టు పక్కనున్న కార్డు ఫోను దగ్గరికి నడిచాడు. అమెరికాలో అప్పుడే తెల్లవారి ఉంటుంది. టాక్సీలోవాళ్లు కూడా దిగి చుట్టూ నిలబడ్డారు. వాళ్లకి సంగతి తెలియదు గానీ మా మొహాలు చూసి ముఖ్యమైందేదో జరుగుతోందని గ్రహించారు.

ఫెర్గస్ మొత్తం చెప్పేశాడు. జలుబు అబద్ధం, చిగుళ్లు అబద్ధం, జన్మలో నిన్నటిదాకా దీన్ని ఊదలేదు, ఇవాళ ఊదినది పాట కాదు. అవతల చప్పుడు లేదు. ఆ మౌనానికి కూడా కార్డులో యూనిట్లు తెగిపోతున్నాయి. తర్వాత ఫెర్గస్ రిసీవరు చేత్తో మూసి నాతో అన్నాడు.

"వచ్చిందేదో వినిపించమంటున్నాడు."

రిసీవరు నేను పట్టుకుని చెయ్యి చాచాను. టాక్సీలోంచి తిత్తి వచ్చింది. బర్కా చౌరస్తాలో, శుక్రవారం సాయంత్రం, మూసిన కొట్ల ముందు, ఫెర్గస్ శుభ్రంగా మొదలుపెట్టాడు. రోడ్డు మీద కార్లు ఆగాయి. టీ తాగుతున్నవాళ్లు గ్లాసులతో సహా లేచొచ్చారు. తెగకుండా నిలిపాడు. కత్తితో కోసినట్టు ఆపాడు. నేను రిసీవరు చెవిన పెట్టుకుంటే కార్డు అయిపోయి లైను పోయి ఉంది.

ఇంకో కార్డు కొందామంటే మలయాళీ టీకొట్టు తప్ప కొట్లన్నీ మూసే ఉన్నాయి. చివరికి మలయాళీయే గల్లాపెట్టెలోంచి తన కార్డు తీశాడు. "ఇంటికి చేద్దామని దాచుకున్నా. మా ఆవిడ తిట్లు వచ్చే వారం వింటాలే, తీసుకోండి" అన్నాడు.

రెండోసారి ఫెర్గస్ మాట్లాడిందల్లా "ఎస్ సర్", మళ్లీ "ఎస్ సర్". చెవులు ఎర్రబడ్డాయి. ఒకసారి నవ్వాడు. ఫోన్ పెట్టేసి మావైపు తిరిగాడు.

"ఏమన్నాడ్రా?"

"ముందు బాగా తిట్టాడు. ఈ ఏడాది ఫీజు కడతాట్ట. వారానికి రెండు పాఠాలు, టీచర్ని ఆయనే పెడతాట్ట. వచ్చే పుట్టినరోజుకి ఒక పాటైనా పూర్తిగా రాకపోతే ఫీజు బంద్."

"మరి ఈ పుట్టినరోజుకి?"

"కేకు కోసేటప్పుడు గట్టిమేళం. మీరు వేలు ఆడించడానికి రాలేరు కదా, ఆయనే ఆడిస్తాట్ట." గొంతు తగ్గించాడు. "ఇంకోటి కూడా చెప్పాడంకుల్. ఆయన అసలు స్కాట్లాండే ఎప్పుడూ చూళ్లేదట. అక్కడ ఎవరితోనూ అనొద్దన్నాడు."

బర్కా నుంచి క్లాక్ టవర్ దాకా ఎంతో దూరం లేదు. ఎండ సముద్రం మీదికి వాలింది. రుస్తాఖ్ ఎలా ఉందని తర్వాత చాలామంది అడిగారు. నీళ్లు వెచ్చగా ఉన్నాయనీ, మనుషులు అంతకన్నా వెచ్చగా ఉన్నారనీ చెప్పాను. ఆ కుర్రాడి స్థానంలో నేనుంటే ఆ ఫోన్ చేసేవాణ్ని కాదు, ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. టాక్సీలో మళ్లీ ఊదమని డ్రైవరే అడిగాడు. మూసిన కారులో, ఒళ్లో తిత్తితో, ఫెర్గస్ ఊపిరి పీల్చుకుని అందుకున్నాడు. నా చెవులు ఆదివారం దాకా గింగురుమన్నాయి. అయినా క్లాక్ టవర్ వచ్చేదాకా వాణ్ని ఆపమని నేను అనలేదు.